బరువు దిగాక మిగిలిన చర్మం: మన చేతికందే ఖర్చులో వైద్యం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను మాట్లాడమన్నప్పుడు కార్యదర్శి గారు "ఇంజనీరువి కదా, వంతెనల గురించో, రోడ్ల గురించో చెప్పు" అన్నారు. వాటి గురించి నా కంటే బాగా చెప్పగలిగినవాళ్లు ఈ సభలో పదిమంది ఉన్నారు. అందుకని ఎవరూ నోరు విప్పని విషయం ఒకటి ఎంచుకున్నాను. బాగా బరువు తగ్గినవాళ్లకు ఒంటి మీద వేలాడుతూ మిగిలిపోయే చర్మం, దాన్ని తీసేసే ఆపరేషన్, ఆ ఆపరేషన్‌ని జీతం మీద బతికే మనిషి అప్పుల పాలు కాకుండా చేయించుకునే దారి. ఇదీ ఈరోజు నా విషయం.

నేను డాక్టర్ని కాను. మన పూర్వ విద్యార్థుల్లో డాక్టర్లు చాలామంది ఉన్నారు, వైద్యం సంగతి వాళ్లనే అడగండి. నేను రోగిగా, బిల్లు కట్టినవాడిగా, ముప్పై ఏళ్లుగా ఎస్టిమేట్లు చదవడమే వృత్తిగా ఉన్నవాడిగా మాట్లాడుతున్నాను.

ఈ బడిలో నాకు రెండు పేర్లుండేవి. హాజరుపట్టీలో ఒకటి, ఆటస్థలంలో ఒకటి. రెండోది "గుమ్మడి". ఆ పేరు పెట్టినవాడు మూడో వరసలో కూర్చుని నవ్వుతున్నాడు. నాకు కోపం లేదులేరా. ఆ పేరుకి నేను యాభై రెండేళ్ల దాకా న్యాయం చేశాను. అప్పటికి నా బరువు 128 కిలోలు, బీఎంఐ 43. షుగరు, బీపీ, రాత్రిళ్లు నిద్రలో ఊపిరి ఆగిపోవడం. డాక్టర్లు పొట్ట సంచిని చిన్నది చేసే బేరియాట్రిక్ ఆపరేషన్ చేశారు. మా కంపెనీ ఇన్సూరెన్స్ దానికి డబ్బు కట్టింది. ఏడాదిన్నరలో 79 కిలోలకు వచ్చాను. షుగరు మాత్రలు సగానికి తగ్గాయి. సైటులో మూడంతస్తులు ఆగకుండా ఎక్కగలిగాను.

అందరూ అభినందించారు. చొక్కా కింద ఏముందో ఎవరికీ తెలియదు కదా.

మన భౌతికశాస్త్రం మాస్టారు స్ప్రింగుకి బరువులు తగిలించి చూపించేవారు, గుర్తుందా? కొంతవరకు బరువు వేస్తే సాగుతుంది, తీసేస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఒక హద్దు దాటి సాగదీస్తే ఇక వెనక్కి రాదు. దాన్నే స్థితిస్థాపక అవధి అని రాయించారు. చర్మం కూడా దాదాపు అంతే. అందులో కొల్లాజెన్, ఎలాస్టిన్ అనే పోగులుంటాయి. ఇరవై ముప్పై ఏళ్లు కొవ్వు మీద సాగి సాగి ఆ పోగులు దెబ్బతింటాయి. వయసు, పొగతాగే అలవాటు, ఎండ దాన్ని ఇంకా పెంచుతాయి. లోపలి కొవ్వు పోయాక చర్మం ఖాళీ సంచిలా కిందికి జారుతుంది. పొట్ట కింద మడత, చేతుల కింద, ఛాతీ మీద, తొడల లోపల. వ్యాయామం కండని పెంచుతుంది గాని ఈ చర్మాన్ని లోపలికి లాగదు. పూసే క్రీములు అంతకన్నా లాగవు. వాటి మీద డబ్బు పెట్టకండి.

నా పొట్ట మడత తొడల మీదికి వేలాడేది. మన వేసవి సంగతి తెలిసిందే. మడత కింద చెమట ఆరదు, గాలి తగలదు. ఎర్రగా ఒరుసుకుపోతుంది, ఫంగస్ పడుతుంది, పుండవుతుంది, వాసన వస్తుంది. షుగరున్నవాళ్లకు ఆ పుండు త్వరగా మానదు. పదకొండు నెలల్లో చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి ఏడుసార్లు వెళ్లాను. మందు వేసుకుంటే తగ్గేది, రెండు వారాలకు మళ్లీ వచ్చేది. నడిస్తే ఒరుపు. అందుకని నడక తగ్గించాను. నడక తగ్గితే బరువు మళ్లీ పెరగడం మొదలైంది. ఇంత కష్టపడి తగ్గిన మనిషి మళ్లీ పాత దారి పట్టేది ఇలాగే.

మా అమ్మాయి పెళ్లిలో పీటల మీద కూర్చోబోతుంటే పురోహితులు గారు చొక్కా తీసి ఉత్తరీయం వేసుకోమన్నారు. నేను బనియను తీయలేదు. ఆయన రెండుసార్లు అడిగి ఊరుకున్నారు. మా ఆవిడ ఏమీ అనలేదు. ఆ రాత్రి మాత్రం "ఇంత కష్టపడింది దాచుకుని తిరగడానికా?" అంది. ఆ మర్నాటి నుంచే ఆపరేషన్ గురించి వాకబు మొదలుపెట్టాను.

మొదట తెలుసుకోవలసింది ఆపరేషన్ పేర్లు. పేరు మారితే ఖర్చు మారుతుంది, ఇన్సూరెన్స్ వాళ్ల జవాబూ మారుతుంది. పొట్ట కింద వేలాడే మడతని మాత్రమే కోసి తీసేస్తే అది పానిక్యులెక్టమీ. దానితో పాటు పై చర్మాన్ని లాగి, బొడ్డుని కొత్త చోట కుదిర్చి, వదులైన పొట్ట కండరాలు బిగిస్తే అది అబ్డామినోప్లాస్టీ, వాడుకలో టమ్మీ టక్. నడుము చుట్టూ తీస్తే లోయర్ బాడీ లిఫ్ట్. చేతులకి బ్రాకియోప్లాస్టీ. తొడలకి, ఛాతీకి వేరేవి ఉన్నాయి. లైపోసక్షన్ కొవ్వుని తీస్తుంది, వేలాడే చర్మాన్ని తీయదు. ఈ తేడా తెలియకుండా "మొత్తం ప్యాకేజీ" అనేచోటికి వెళితే అక్కర్లేనివాటికి కూడా డబ్బు కట్టి వస్తాం.

రెండోది, మనకు ఏది అవసరం, ఏది కోరిక అని విడదీసుకోవడం. కోరిక ఉండటం తప్పు కాదు. పాతికేళ్ల అమ్మాయి చేతులు దాచుకోకుండా తిరగాలనుకుంటే అందులో నవ్వడానికేముంది? కాని డబ్బు కొద్దిగా ఉన్నప్పుడు వరస ఉండాలి. నేను కాగితం మీద రాసుకున్నాను. పొట్ట మడత: పుండ్లు, నడక. ఛాతీ: చూపు మాత్రమే. చేతులు: చూపు మాత్రమే. మొదటిది చేయించుకోవాలి, మిగతావి ఆగవచ్చు. ఒకే మత్తులో రెండు చోట్ల చేయిస్తే మత్తు ఖర్చు, గది ఖర్చు కలిసొస్తాయి, నిజమే. ఆపరేషన్ సమయం పెరుగుతుంది, రక్తం పోవడం, కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా పెరుగుతాయి. కలిపి చేయాలో విడిగా చేయాలో సర్జన్ తేల్చాలి, మన జేబు తేల్చకూడదు.

మూడోది ఎస్టిమేట్లు. ఇక్కడ నా వృత్తి పనికొచ్చింది. హైదరాబాద్‌లో మూడుచోట్ల అడిగాను. మొదటి ఆసుపత్రి 1,85,000 ప్యాకేజీ అంది. రెండోది 2,70,000 అంది. చూడగానే ఎవరైనా మొదటిదే చవక అంటారు. టెండర్లు తెరిచేవాళ్లకు తెలుసు, అంకె కంటే ముందు ఆ అంకెలో ఏమేం ఉన్నాయో చూడాలి. నేనొక పట్టిక వేశాను. సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు ఫీజు, ఆపరేషన్ గది, మందులు, వాడి పారేసే సామగ్రి, ఎన్ని రోజుల గది, లోపల చేరే నీరు బయటికి రావడానికి పెట్టే గొట్టాలు, బిగుతు వస్త్రం, తీసిన చర్మానికి పరీక్ష, తరవాతి డ్రెస్సింగులు, చీము పట్టి మళ్లీ కుట్టాల్సి వస్తే ఎవరు భరిస్తారు, పన్ను. ఈ పట్టిక పట్టుకుని మొదటి ఆసుపత్రికి మళ్లీ వెళితే సగం గళ్లు "ప్యాకేజీలో లేదు" అయ్యాయి. అన్నీ కలిపితే మూడు లక్షలు దాటింది. రెండో ఆసుపత్రి లెక్కలో అన్నీ ఉన్నాయి.

పన్ను గురించి ఒక మాట. వైద్యసేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది. కాస్మెటిక్, ప్లాస్టిక్ సర్జరీకి మాత్రం అది వర్తించదు. పుట్టుకతో వచ్చిన లోపం, ఎదుగుదలలో వచ్చిన లోపం, గాయం, ఇలాంటివాటి వల్ల దెబ్బతిన్న శరీరాన్ని సరిచేసేటప్పుడే మినహాయింపు. మొదటి ఆసుపత్రి వాళ్లు 18 శాతం చివర్లో కలిపారు. రెండు లక్షల మీద అది 36,000. కాబట్టి చెప్పిన అంకెలో పన్ను ఉందా లేదా అని కాగితం మీద రాయించుకోండి.

మూడో ఎస్టిమేట్ ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీ ఆసుపత్రిది. 1,20,000. గదులు సాదాగా ఉన్నాయి, ఏసీ లేదు, క్యాంటీన్ భోజనం మన హాస్టల్ని గుర్తుచేసింది. కాని ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ చేసిన ప్రొఫెసరు, ఐసీయూ, రక్తనిధి, రాత్రిపూట కూడా డ్యూటీ డాక్టర్లు ఉన్నారు. అక్కడే చేయించుకున్నాను. చివరి బిల్లు 1,31,000 అయింది.

బోధనాసుపత్రులని మన మధ్యతరగతి మరిచిపోయింది. ప్రభుత్వ రంగంలో హైదరాబాద్‌లో ఉస్మానియా, నిమ్స్, విశాఖలో కింగ్ జార్జ్, ఇలాంటి పెద్ద ఆసుపత్రుల్లో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి. కాలినవాళ్లు, ప్రమాదాల్లో దెబ్బతిన్నవాళ్లు ముందుంటారు కనుక మనం ఆగాలి. అది న్యాయమే. మనకు ఎలాగూ ఆగాల్సిన పని ఉంది. బరువు కనీసం ఆరు నెలలైనా ఒకేచోట నిలబడాలి. బేరియాట్రిక్ ఆపరేషన్ అయినవాళ్లకు సాధారణంగా ఏడాది నుంచి ఏడాదిన్నర గడవనిస్తారు. ఆరోగ్యశ్రీ లాంటి పథకాల్లో అందం కోసం చేసే ఆపరేషన్లకు చోటు లేదు. పుండ్లు, ఇన్ఫెక్షన్లు ఉన్నవాళ్లు మాత్రం ఆసుపత్రిలోని ఆ పథకం డెస్కులో కాగితాలు చూపించి అడగడంలో పోయేదేం లేదు.

ఇక ఇన్సూరెన్స్. బరువు తగ్గించే ఆపరేషన్‌కి డబ్బిచ్చిన కంపెనీయే ఈ చర్మం ఆపరేషన్‌కి "ఇది కాస్మెటిక్" అని ఒక్క వాక్యంలో కాదంది. నేను పాలసీ కాగితాలు తెరిచాను. ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఆరోగ్య పాలసీల మినహాయింపుల పదాలని అన్ని కంపెనీలకూ ఒకేలా చేసింది. కాస్మెటిక్, ప్లాస్టిక్ సర్జరీ మినహాయింపుకి కోడ్ 08. దాన్ని చివరిదాకా చదవాలి. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తరవాత చేసే పునర్నిర్మాణానికి ఆ మినహాయింపు వర్తించదు. ఆరోగ్యానికి ప్రత్యక్షమైన, తక్షణమైన ముప్పుని తొలగించడానికి వైద్యపరంగా అవసరమైన చికిత్సలో భాగమైతే కూడా వర్తించదు. అది అవసరమని చికిత్స చేసే డాక్టరు ధ్రువీకరించాలి. మనకు తలుపు ఆ చివరి వాక్యంలో ఉంది.

ఆ తలుపు తెరిచేది కాగితమే. చర్మవ్యాధుల డాక్టరు రాసిన ఏడు చీటీలు, మందుల బిల్లులు, తేదీతో తీసిన ఫోటోలు, షుగరు రిపోర్టులు, బరువు నిలకడగా ఉందని చూపే పట్టిక, మందులతో తగ్గడం లేదు కనుక మడత తీయాలని సర్జన్ ఇచ్చిన ధ్రువపత్రం. వీటిని తేదీల వరసలో కుట్టి, కంపెనీ ఫిర్యాదుల అధికారికి పంపాను. నెల లోపు జవాబు వచ్చింది. మడత తీసిన భాగానికి 84,000 ఇచ్చారు. కండరాలు బిగించినందుకు అయినది ఇవ్వలేదు. నా చేతి నుంచి పడింది 47,000. అందరికీ ఇలాగే జరుగుతుందని నేను మాటివ్వలేను. కాని ఒక్క వాక్యపు తిరస్కారం చూసి ఇంటికి వెళ్లిపోకండి. కంపెనీ నెలరోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. హైదరాబాద్‌లో కార్యాలయం ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి.

ఇంకో వైపు కూడా చెప్పాలి. నా తోటి ఉద్యోగి ఒకాయన ప్రకటన చూసి, వాయిదాల్లో కట్టవచ్చన్నారని, ఒక చిన్న క్లినిక్‌లో చేయించుకున్నాడు. అక్కడ ఐసీయూ లేదు. అయిదోరోజు కుట్లు విడిపోయి, చీము పట్టి, అంబులెన్సులో పెద్దాసుపత్రికి తెచ్చారు. మూడు వారాలు మంచం మీదే ఉన్నాడు. చివరికి అయిన ఖర్చు నా బిల్లుకి మూడింతలు. మనిషి దక్కాడు, అదే సంతోషం. ఆయన విన్న అంకె నా అంకె కంటే తక్కువే. అందుకే నాలుగు ప్రశ్నలు ముందే అడగండి. చేసేవారికి ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గాని డీఎన్‌బీ గాని ఉందా? బాగా బరువు తగ్గినవాళ్లకు ఈ ఆపరేషన్ ఎన్ని చేశారు? మత్తు ఎవరిస్తారు, ఆపరేషన్ అయ్యాక రాత్రి పక్కన ఎవరుంటారు? ఐసీయూ ఇదే భవనంలో ఉందా? ఈ ప్రశ్నలకు విసుక్కునేచోట చేయించుకోకండి. డాక్టరు రిజిస్ట్రేషన్‌ని రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ జాబితాలో మనమే చూసుకోవచ్చు.

ఖర్చు తగ్గించే పని సగం మన ఒంట్లోనే ఉంది. పుండు మానకపోతే రోజులు పెరుగుతాయి, బిల్లు పెరుగుతుంది. బేరియాట్రిక్ అయినవాళ్లకు రక్తహీనత, బీ12, విటమిన్ డీ, ప్రొటీను లోపాలు సాధారణం. ముందే పరీక్షలు చేయించి సరిచేసుకోవాలి. నాకు హిమోగ్లోబిన్ తక్కువుందని సర్జన్ రెండు నెలలు వాయిదా వేశారు. పప్పు, గుడ్లు, పెరుగు, ఐరన్ మాత్రలతో గడిపాను. పొగతాగేవాళ్లు కనీసం నాలుగు వారాల ముందు మానాలి, తరవాత కూడా ముట్టకూడదు. పొగ వల్ల చర్మానికి రక్తం సరిగా అందక అంచులు చచ్చిపోతాయి. షుగరు అదుపులో ఉండాలి. అప్పుడే ఆపరేషన్.

ఇది చిన్న ఆపరేషన్ కాదని కూడా తెలిసి దిగాలి. ఒక తుంటి నుంచి ఇంకో తుంటి దాకా మచ్చ ఉంటుంది, పోదు. బొడ్డు కింద కొంతమేర స్పర్శ తెలియదు. గొట్టాలతో వారం పైన తిరిగాను. నడుం వంచి నడిచాను. మర్నాడే నన్ను లేపి నడిపించారు, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా. ఆరువారాలు బిగుతు వస్త్రం, ఆరువారాలు బరువెత్తకూడదు. నెలన్నర జీతం, సెలవు, ఇంట్లో చూసుకునే మనిషి, ఇవన్నీ కూడా ఎస్టిమేట్‌లో రాసుకోవాల్సినవే. మా ఆవిడ చేసిన సేవకి నా పట్టికలో గడి లేదు.

తీసిన చర్మం తూకం 2 కిలోల 800 గ్రాములు. బరువు తగ్గడానికి ఇది దారి కాదని ఆ అంకే చెబుతుంది. కాని ఆ మూడు కిలోల లోపు చర్మం పోయాక నాకు పుండు రాలేదు. రోజూ అయిదు కిలోమీటర్లు నడుస్తున్నాను. బరువు 77 దగ్గర నిలిచింది. చేతుల కింద, ఛాతీ మీద చర్మం అలాగే ఉంది. దానికి డబ్బు కూడబెట్టే ఆలోచన ప్రస్తుతానికి లేదు. చేతులు ఎత్తి నమస్కారం పెడితే ఊగుతుంది. ఊగనీ.

మన సంఘానికి ఒక మనవి. యాభై ఏళ్ల సంఘం మనది. పూర్వ విద్యార్థుల్లో డాక్టర్లున్నారు, ఇన్సూరెన్స్‌లో పనిచేసి రిటైరైనవాళ్లున్నారు, లెక్కలు తెలిసినవాళ్లున్నారు. పెద్ద ఆపరేషన్ ముందు ఎస్టిమేట్ పట్టుకుని దిక్కులు చూసే మనవాళ్లకు నెలకొక ఆదివారం ఒక గంట కూర్చుని ఆ కాగితాలు చదివిపెడదాం. ఈ ఆపరేషన్‌కే కాదు, మోకాలికి, గుండెకి, దేనికైనా. ఎస్టిమేట్ల వరకు నేను వస్తాను. నా పట్టిక నకళ్లు బయట బల్ల మీద పెట్టాను, తీసుకెళ్లండి.

గురువులకు ఒక మనవి. ఇప్పుడు మీ తరగతుల్లో లావు పిల్లలు మా రోజుల కంటే ఎక్కువమందే కనిపిస్తున్నారు. వాళ్లని చివరి బెంచీలోకి నెట్టే పేర్లు వినిపిస్తే ఆపండి. ఆటల పీరియడ్‌లో పక్కన కూర్చోబెట్టకండి, నిదానంగానైనా పరిగెత్తనివ్వండి. ముప్పై ఏళ్ల తరవాత ఆసుపత్రుల్లో పెట్టాల్సిన డబ్బులో కొంత అక్కడే మిగులుతుంది.

చివరిగా, ఈ సభలో చొక్కా కింద ఇలాంటిదేదో దాచుకుని కూర్చున్నవాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు. సిగ్గుపడాల్సిందేమీ లేదు. మీరు దించిన బరువు తాలూకు మిగులు అది. భోజనాల దగ్గర నన్ను పక్కకి పిలవండి. చెల్లెళ్లు, అక్కయ్యలు మా ఆవిడతో మాట్లాడండి, ఆవిడకి నా కంటే బాగా తెలుసు.